కొట్టం అని రాసిన గది

ఇప్పుడు మీ చేతుల్లో లేజర్ మీటర్లున్నాయి, గాల్లోకి ఎగిరి ఫొటోలు తీసే యంత్రాలున్నాయి. పాత ఇల్లు కొలవడానికి మాకు వారం పడితే మీకు ఒక పూట చాలు. నాకేమీ అసూయ లేదు. టేపు పట్టుకుని మట్టిమెట్లు ఎక్కడంలో గొప్పేమీ లేదని మోకాళ్ళు అరిగాక నాకే తెలిసింది. అయితే మొన్న మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె ఫోన్ చేసి, "ఆంటీ, మీ సర్వీసులో పెద్ద తప్పేదైనా చేశారా?" అని అడిగింది. తన చేతిలో ఏదో జరిగినట్టుంది, గొంతు వింటేనే తెలిసింది.

చేశానమ్మా. రెండక్షరాల తప్పు. దాని సంగతే చెబుతాను.

మాది కాకినాడ పక్క. సివిల్ డిప్లొమా చదివి, పెళ్ళయ్యాక ఆయన ఉద్యోగం వెంట మస్కట్ వచ్చి, హమ్రియాలో ఒంటిగది ఫ్లాటులో కాపురం పెట్టాను. రెండేళ్ళు ఇంట్లో కూర్చునేసరికి పిచ్చెక్కినంత పనైంది. పట్టుమని పది మంది లేని ఒక కన్సల్టెన్సీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. ఆడదాన్నయినా డ్రాఫ్ట్స్‌మన్ అనే అనేవాళ్ళు, నేనూ పలికేదాన్ని. ఇరవై ఆరేళ్ళు విల్లాలు, ప్రహరీ గోడలు, కార్ల షెడ్లు గీశాను. ఇంక రిటైరవడానికి మూడేళ్ళుందనగా ఆ పని వచ్చింది.

రుస్తాఖ్ దాటి లోపలికి పోతే, కొండ కింద ఒక ఊరు. అక్కడ ఒక పెద్ద కుటుంబం వాళ్ళ పాత మట్టి ఇల్లు. ముప్పై ఏళ్ళుగా అందులో ఎవరూ ఉండటం లేదు. అందరూ పక్కనే సిమెంటు ఇళ్ళు కట్టుకున్నారు. ఆ పాత ఇంటిని బాగుచేయించి, ఇంటి చరిత్ర, వంశ చరిత్ర, ఊరి చరిత్ర కలిపి ఒక పుస్తకం వేయాలని వాళ్ళ కోరిక. కుటుంబం కోరిక అంటున్నాను గాని, నిజానికి అది ఒక్క మనిషి కోరిక. ఆయన బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. మేము మాస్టారనేవాళ్ళం. ఆరేళ్ళ నుంచి సమాధుల చుట్టూ, పాత దస్తావేజుల చుట్టూ తిరిగి, పదకొండు తరాల వంశవృక్షం తయారుచేశాడు. మొదటిరోజు దాన్ని కారు బానెట్ మీద పరిచి చూపించాడు. గాలికి ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్ళు. ఎంత శ్రద్ధగా రాశాడంటే ఒక్క కొట్టివేత లేదు. ఒక్క ఆడపేరూ లేదు. నేను గమనించాను. మన వైపూ అంతేగా అనుకుని ఊరుకున్నాను.

నా పని ఇల్లు కొలిచి గీయడం. ఏ గది ఎవరిదో, దేనికి వాడేవారో మాస్టారు చెబుతుంటే ప్లానులో రాసుకోవడం. నాతో వచ్చేది ఒక్క డ్రైవరు. జగిత్యాల మనిషి, యాభై దాటినవాడు. టేపు రెండో కొస ఆయనే పట్టుకునేవాడు. "మేడం, గీ గోడ సక్కగ లేదు," అని ప్రతి గోడ దగ్గరా అనేవాడు. మట్టి గోడ చక్కగా ఎలా ఉంటుంది!

పక్క కొత్త ఇంట్లో మాస్టారి మేనత్త ఉండేది. ఎనభై దాటిన మనిషి. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చి, అన్నదమ్ముల పిల్లలందర్నీ పెంచింది. ఇంట్లో అందరూ ఆమెని హబ్బూ అంటారు, అంటే నాయనమ్మ. హబ్బూని చూసుకునే మనిషి మన కడప జిల్లా ఆమె. రాయచోటి వైపు ఊరు. వచ్చి పందొమ్మిదేళ్ళయిందట. అరబ్బీ నీళ్ళు తాగినట్టు మాట్లాడేది. మొదటిరోజు కాఫీ, ఖర్జూరాల పళ్ళెం పట్టుకొచ్చి, నా బొట్టు చూసి, "తెలుగోళ్ళా అక్కా?" అంది. అవునన్నాను. పళ్ళెం అక్కడే మెట్టు మీద పెట్టి చేతులు పట్టేసుకుంది.

నాలుగో రోజు ఇంటి వెనక మూలకి వచ్చాం. ఒక చిన్న గది. సందులోకి తలుపు. పైకప్పు సగం కూలింది. మాస్టారు లోపలికి తొంగి చూసి, "మేకలు కట్టేవాళ్ళు ఇక్కడ, నా చిన్నప్పుడు," అన్నాడు. నేను నోట్‌బుక్కులో తెలుగులో రాసుకునేదాన్ని. "కొట్టం" అని రాశాను.

గోడలో మోకాలి కన్నా కొంచెం ఎత్తున ఒక గూడు ఉంది, దీపం పెట్టుకునే గూడు. పైన పొగ మరక. అది కొలిచాను, గీశాను. పెరడు వైపు గోడ మీద మూడడుగుల వెడల్పున మట్టిపూత రంగు వేరుగా ఉంది. "ఇక్కడ పూత వేరు, మరమ్మతు కావచ్చు" అని అదీ రాశాను. మేకలకి దీపం గూడెందుకు అని మాత్రం నాకు తట్టలేదు. అన్నీ కొలిచినదాన్ని, ఏదీ చూడలేదు.

కాఫీ కప్పులు తీసుకెళ్ళడానికి వచ్చిన కడపామె నా భుజం మీదుగా పుస్తకంలోకి చూసింది. పెద్దక్షరాలు కూడబలుక్కుని చదవగలదు.

"కొట్టం గాదక్కా అది. మనుషులు ఉణ్ణింది ఆడ."

"మాస్టారే చెప్పారమ్మా, మేకలు కట్టేవాళ్ళట."

"హబ్బూ చెప్తాంటాది గదా..."

"సరేలే, తర్వాత మాట్లాడదాం," అన్నాను. డ్రైవరు అవతలి గోడ దగ్గర టేపు పట్టుకుని నిలబడ్డాడు. ఎండ ముదురుతోంది. ఆ తర్వాత అనేది మళ్ళీ రాలేదు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఎండ వల్లా కాదు, తొందర వల్లా కాదు. అదే మాట మాస్టారి కొడుకు అని ఉంటే ఆగి వినేదాన్ని. ఆమె చేతిలో పళ్ళెం ఉంది, నా చేతిలో టేపు ఉంది. ఇద్దరం ఒకే భాషవాళ్ళం, చేతులు పట్టుకున్నవాళ్ళం. అయినా ఆ తేడా నా లోపల ఎక్కడో కూర్చుని పనిచేసింది.

నా నోట్‌బుక్కులోని మాట ఆఫీసులో డ్రాయింగు మీద ఇంగ్లీషులోకీ అరబ్బీలోకీ మారింది. పశువుల కొట్టం. మా పెద్దింజినీరు ఈజిప్టాయన, మంచివాడే. పని మొదలవ్వాలంటే పెరట్లోకి లారీ రావాలి. సందు ఇరుకు. కొట్టమే కదా, తర్వాత ఎప్పుడో కట్టిందే కదా అని దాని మీద ఎర్ర గీత పెట్టి, తీసేయొచ్చని రాశాడు. మాస్టారు సంతకం పెట్టాడు. గీసినవారు అన్న చోట నా పొడి అక్షరాలున్నాయి. హబ్బూకి కంటి ఆపరేషనుంటే అప్పుడే ఆమెను మస్కట్ తీసుకొచ్చారు, తోడుగా కడపామె వచ్చింది. వాళ్ళు మస్కట్‌లో ఉన్న పది రోజుల్లో ఆ గది పోయింది. మట్టి గోడ, ఒక్క పూట పని.

నెలాఖరున నేను వెళ్ళేసరికి ఆ మట్టికుప్ప ముందు చాప వేసుకుని హబ్బూ కూర్చుని ఉంది. కళ్ళకి నల్లద్దాలు. రెండ్రోజులుగా అలాగే పొద్దున వచ్చి కూర్చుంటోందట, ఎండెక్కాక లోపలికి పోతోందట. మాస్టారు దూరంగా నిలబడి గడ్డం సవరించుకుంటున్నాడు. కడపామె నన్ను పక్కకి తీసుకుపోయింది.

"ఆయమ్మ పాలు తాగిన గదక్కా అది."

అప్పుడు విన్నాను. హబ్బూ పుట్టిన వారానికే తల్లి జ్వరంతో పోయింది. ఈ కుటుంబం ఖర్జూర తోటలకి నీళ్ళు కట్టే మనిషి ఒకతను ఉండేవాడు. అతని భార్యకి అప్పటికి రెండు నెలల ఆడపిల్ల. పసిబిడ్డకి పాలివ్వడానికి ఆమెని ఈ ఇంటికి తెచ్చారు. ఆ గదిలో ఉంచారు. బిడ్డకి నాలుగో ఏడు వచ్చేదాకా ఆమె అక్కడే ఉంది. వీళ్ళలో పాలిచ్చిన మనిషి పాలిచ్చి ఊరుకునే దాది కాదు, తల్లే. ఆమె పిల్లలు అక్కచెల్లెళ్ళే, అన్నదమ్ములే. ఆ వరస చెరగదు. ఆమె తన ఇంటికి తిరిగి వెళ్ళాక గది ఖాళీ అయింది. తర్వాత మేకలు కట్టారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి మాస్టారు పుట్టాడు.

నేను వెళ్ళి హబ్బూ ఎదురుగా నేల మీద కూర్చున్నాను. నాకు వచ్చిన అరబ్బీ దుకాణం అరబ్బీ, సైట్ అరబ్బీ. క్షమించమనడానికి అందులో మాటల్లేవు. కడపామె మధ్యన కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పింది. అందుకే ఇప్పటికీ హబ్బూ మాటలు నాకు రాయచోటి యాసలోనే గుర్తొస్తాయి.

"నువ్వు రాసినావా?" అంది హబ్బూ.

"నేనే రాశానమ్మా."

"ఎవరు చెప్పిరి?"

నేను మాస్టారి వైపు చూడలేదు. ఆమే చూసింది. "వాడు అబద్ధం చెప్పలేదులే. వానికి తెలిసినాటికి మేకలే ఉణ్ణె." నల్లద్దాలు సర్దుకుని, "నన్ను అడిగింటే చెప్పుందును. నన్ను ఎవరూ అడగలా," అంది.

మాస్టారు అరవై ఆరేళ్ళ మనిషి, బడిలో వందలమంది పిల్లల్ని నిలబెట్టినవాడు. అక్కడ నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. ఆరేళ్ళు సమాధుల దగ్గర చరిత్ర వెతికిన మనిషి. అత్త ఇంటి గుమ్మంలోనే కూర్చుని ఉంది.

హబ్బూ నా చేతిలోని నోట్‌బుక్కు చూపించి అడిగింది. "దాంట్లో ఉండాదా ఆ గది?"

ఉందన్నాను. పొడవు, వెడల్పు, గోడ మందం, గూడు ఎత్తు అన్నీ ఉన్నాయి.

"అయితే మల్ల గీయి. కొట్టమని రాయకుండా గీయి. అమ్మ యాడ పండుకునేది, తొట్లె యాడ కట్టేది, అన్నీ పెట్టు."

"ఉయ్యాల ఎక్కడ, ఏది ఎక్కడుండేదో మీకు గుర్తుందా?"

తల అడ్డంగా ఊపింది. "నాకు శానా తెలీదు. మా యక్కకి తెలుస్తాది. నాకంటే రెండు నెల్లు పెద్దది గదా."

ఆ మాటకి నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రెండు నెలల పెద్దక్క ఎక్కడుందంటే హబ్బూకి తెలిసింది ఒక్కటే. సహం వైపు సముద్రం పక్క ఊరికి ఇచ్చారు. మధ్యలో ఒకటి రెండుసార్లు వచ్చింది. ఈ ఇంటి పెద్దలు పోయాక రాకపోకలు తెగాయి. బతికుందో లేదో తెలియదు.

వెతకడం మొదలైంది. దానికి మాస్టారే ముందు నడిచాడు, ఆ మాట చెప్పుకోవాలి. ఆ ఊళ్ళో ఫలజ్ ఉంది, కొండ నించి తోటల్లోకి తెచ్చుకున్న నీటి కాలువ. ఏ రోజు ఎవరి తోటకి నీళ్ళు, ఎవరు కట్టాలి అని పాత పుస్తకాలున్నాయి. వాళ్ళ నాన్న చేతిరాత. తన వంశం వాళ్ళ పేర్ల కోసం మాస్టారు వాటిని ఇదివరకే వడపోశాడు. ఇప్పుడు మళ్ళీ మొదటి నించి తిరగేశాడు, ఈసారి నీళ్ళు కట్టినవాళ్ళ పేర్ల కోసం. తొమ్మిది రోజులకి ఫోన్ చేశాడు. "దొరికాడు," అన్నాడు, ఆ మనిషే గుమ్మంలోకి వచ్చినట్టు. పేరు, తండ్రి పేరు, తెగ పేరు, అన్నీ ఉన్నాయి. "ఈ పేజీ నేను కనీసం నాలుగుసార్లు తిప్పానమ్మా," అన్నాడు నెమ్మదిగా.

పేరైతే దొరికింది. సహంలో ఆ పేరుగల తెగవాళ్ళు ఎన్ని ఇళ్ళో! అప్పుడు మా డ్రైవరు అందుకున్నాడు.

"మేడం, సహంల మనోళ్ళు మస్తుమంది తోటలల్ల పనిజేస్తరు. అర్బాబుల ఇండ్లల్ల ముసలోళ్ళ సంగతులు వాళ్ళకు ఎర్కలేకుంట ఉండయి. అడుగుత."

అడిగాడు. తనకి తెలిసినవాడు ఒకడు, వాడికి తెలిసినవాడు ఇంకొకడు. వాళ్ళ ఫోన్లలో ఉన్న గ్రూపులన్నిటిలో తెలుగులో ఒక కబురు తిరిగింది. రుస్తాఖ్ కొండల నుంచి కోడలుగా వచ్చిన ముసలమ్మ, ఎనభై పైన వయసు, తండ్రి ఫలానా. మూడో శుక్రవారం నిమ్మతోటలో పనిచేసే కోరుట్ల మనిషి ఒకతను ఫోన్ చేశాడు. వాళ్ళ అర్బాబు, అంటే తోట యజమాని, ఆయన తల్లి ఆమేనట. చూపు పోయిందట. మాట మాత్రం గట్టిగా ఉందట.

ఇంకో వారానికి బయల్దేరాం. ముందు కారులో మాస్టారు. మా కారులో హబ్బూ, కడపామె, నేను. హబ్బూ ఒళ్ళో ఒక తేనె సీసా, కొండ తేనె. దారి పొడుగునా పట్టుకునే ఉంది, పక్కన పెట్టమంటే పెట్టలేదు. దారిలో ఒకసారి కడపామె చెవిలో ఏదో అంది. నాకు తెలుగులో చెప్పింది. "నన్ను ఆయమ్మ గుర్తుపట్టకపోతే ఎట్ల అని భయపడతాందక్కా."

నాకు నా భయం నాకుంది. గీసిన ప్లాను చుట్టి తెచ్చాను. చూపు లేని మనిషికి కాగితం మీద గీతలు ఏం చూపిస్తాను? రాత్రంతా ఆలోచించి, కారు డిక్కీలో సైట్ సామాను వేయించాను. మేకులు, సుత్తి, దారపు ఉండ, సున్నం సంచి.

ఆ ఇంటి ముందు పెద్ద ఇసక పెరడు, నిమ్మచెట్లు, దాటితే సముద్రం హోరు. పందిరి కింద మంచం మీద కూర్చుని ఉంది ఆమె. హబ్బూ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆమె చెయ్యి చాచి హబ్బూ మొహం తడిమింది. ముక్కు, చుబుకం తడిమి, చెయ్యి పట్టుకుని మంచం మీదికి లాగి కూర్చోబెట్టింది. అప్పుడొక మాటంది. కడపామె తెలుగులో చెప్పడం మరిచి వాళ్ళనే చూస్తోంది. నేను మోచేత్తో పొడిచాను.

"ఇన్నాళ్ళు యాడ పొయినావే అంటాంది."

వాళ్ళని వాళ్ళకి వదిలేసి మేము పెరట్లోకి వచ్చాం. మా నోట్‌బుక్కు ప్రకారం ఆ గదిని ఇసకలో ఉన్నదున్నట్టు పరిచాం. నాలుగు మీటర్ల పది పొడవు, రెండు మీటర్ల ఎనభై వెడల్పు. డ్రైవరు మేకులు కొట్టాడు, నేను దారం కట్టాను, దారం వెంట సున్నం పోశాం. సందు వైపు తలుపుకి ఖాళీ వదిలాను. ఇళ్ళు కట్టే ముందు వందసార్లు చేసిన పనే అది. ఆ రోజు ప్రతి మూలా రెండుసార్లు కొలిచాను. ఆ ఇంటివాళ్ళంతా గోడవారన నిలబడి చూస్తున్నారు. ఈ ఇండియావాళ్ళు ఏం చేస్తున్నారో వాళ్ళకి అంతుపట్టలేదు.

అక్కని హబ్బూ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఇద్దరివీ ఉత్త కాళ్ళు. తలుపు దగ్గరికి తెచ్చి, "ఇదే అమ్మ గది, పద," అంది. అక్క అడుగు వేయబోయి ఆగిపోయింది. గాలిలోకి తల తిప్పింది, సముద్రం చప్పుడు ఎటునుంచి వస్తోందో విన్నట్టు. వాళ్ళ ఊరి కొండ ఏ వైపని హబ్బూని అడిగింది. హబ్బూ ఆమె చెయ్యెత్తి చూపించింది.

"ఇది కాదు తలుపు. ఇట్లా వీధిలోంచి పొయ్యేది లేదు మేము. ఇంటి లోపల్నించి పొయ్యేది. పెరట్లోంచి."

హబ్బూ ఒప్పుకోలేదు. సందులోంచే అంది. "నాకు బాగా గుర్తుండాది," అంది. ఎనభై దాటిన ఇద్దరూ ఆ ఇసకలో నిలబడి నాలుగేళ్ళ పిల్లల్లా గొడవపడ్డారు. నేను నోట్‌బుక్కు తీశాను. పెరడు వైపు గోడ, మూడడుగుల వెడల్పున పూత వేరు, మరమ్మతు కావచ్చు. మరమ్మతు కాదు. అది మూసేసిన తలుపు. మేకల కోసం ఎప్పుడో ఇటు మూసి అటు తెరిచారు.

"అక్క చెప్పిందే నిజం," అన్నాను. డ్రైవరు ఏం అడక్కుండానే వెళ్ళి ఈ పక్క సున్నం పోసేసి, ఆ పక్క గీతని కాలితో చెరిపాడు.

అక్క కొత్త తలుపులోంచి లోపలికి వచ్చింది. రెండడుగులు వేసి, ఎడమకి తిరిగి, కింద కూర్చుంది. చెయ్యి పక్కకి చాచింది. "ఇక్కడ దీపం." ఆమె చెయ్యి ఆగిన చోటికి నేలనించి టేపు పెట్టాను. యాభై నాలుగు సెంటీమీటర్లు. నా పుస్తకంలో గూడు ఎత్తు యాభై అయిదు.

"ఈడ అమ్మ పండుకునేది. తొట్లె ఆ కొసకి. ఒకటే తొట్లె." అక్క నవ్వుతూనే చెప్పింది. "తొట్లెలో నువ్వే ఉంటాంటివి. నేను కింద అమ్మ కాళ్ళ కాడ. పాలు ముందు నీకే. నీకు సాలినంక మిగిలితే నాకు. అమ్మ సచ్చిపొయ్యేముందు నాతో చెప్పె ఆ మాట. చెప్పి ఏడిసె."

కడపామె ఈ మాటలు నాకు చెబుతూ చెబుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె తన రెండేళ్ళ పిల్లని తల్లి దగ్గర వదిలి విమానం ఎక్కిన మనిషని నాకు అప్పటికి తెలియదు.

హబ్బూ తేనె సీసా మూత తీసి, వేలితో కొంచెం తీసి, అక్క నోటికి అందించింది. "నాకు తెలీదు," అంది. "తెలిసుంటే ఇన్నేండ్లు రాకుండా ఉందునా?" అక్క తేనె చప్పరించి, "దేంది ఇది, మన కొండదేనా?" అని అడిగింది. ఆమె కోపం అంతవరకే. ఇద్దరూ ఆ గదిలోనే కూర్చుని భోజనం చేశారు. ఇసకలో చాప వేసి, పళ్ళెం అక్కడికే తెచ్చి పెట్టారు. నేను బయట కూర్చుని వాళ్ళు చెప్పినవన్నీ గీశాను. నీళ్ళ కుండ, చాప, తొట్లె తాడు, బట్టల మూట. సున్నపు గీత దాటి ఎవరూ లోపలికి పోలేదు, ఇంట్లో చిన్నపిల్లలు కూడా. పోవాలంటే తలుపులోంచే పోయారు.

తిరిగి వచ్చేముందు హబ్బూ మాస్టారిని పిలిచింది. వంశవృక్షం తిరగరాయమంది. తనని కన్నతల్లి పేరు, పాలిచ్చిన తల్లి పేరు, అక్క పేరు, ఆ తర్వాత తన పేరు. మాస్టారు నన్ను అడిగాడు. "రక్తసంబంధానికి నిండు గీత గీశాం. పాల సంబంధానికి ఏ గీత పెడదాం? చుక్కల గీతా?" నేను ఆలోచిస్తున్నాను. మా పనిలో చుక్కల గీత అంటే ఉండీ కనపడనిది, లేదా తీసేయబోయేది. హబ్బూకి సంగతి చెప్పారు. ఆమె విసుక్కుంది. "గీతలో రకాలేంది? గీత గీతే," అంది.

పుస్తకం రావడానికి ఇంకా ఏడాదిన్నర పట్టింది. ఎందుకంటే మాస్టారు ప్రతి తరంలో ఆడవాళ్ళ పేర్ల కోసం మళ్ళీ ఊరంతా తిరిగాడు. కొన్ని దొరికాయి, చాలా దొరకలేదు. దొరకని చోట ఖాళీ గడి వదిలాడు. ఆ గది మాత్రం మళ్ళీ కట్టలేదు. కడతామని మా పెద్దింజినీరు అన్నాడు. హబ్బూ వద్దంది. "కొత్త మట్టితో కడితే అది మా యమ్మ గది ఎట్లయితాది?" పుస్తకంలో ఆ ప్లాను ఒక పేజీ నిండా ఉంది. కాకినాడ పాలిటెక్నిక్కులో చదివినదాన్ని, నా జీవితంలో తొట్లె గీసింది ఆ ఒక్క డ్రాయింగులోనే. పుస్తకం వచ్చేదాకా హబ్బూ ఉంది. అక్క ఆ ముందు చలికాలమే పోయింది. అప్పటికి రెండుసార్లు కొండ ఊరికి వచ్చి వెళ్ళింది.

కడపామెకి క్షమాపణ చెప్పడం మిగిలింది. సహం నుంచి వస్తూ దారిలో పెట్రోలు బంకు దగ్గర చెప్పాను. "నువ్వు ఆ రోజు చెప్పావు, నేను వినలేదు." ఆమె చాయ్ ఊదుకుంటూ, "నేనూ ఇంకోసారి చెప్పుండొచ్చు గదక్కా. నాకేల్లే, పెద్దోళ్ళు చూసుకుంటారు అనుకుంటి," అంది. నా తప్పులో తనూ సగం పంచుకుందామని చూసింది. నేను పంచలేదు.

పుస్తకం చివర్లో, సమాచారం ఇచ్చినవారు అని ఒక పట్టిక ఉంటుంది. అందులో మొదటి పేరు ఆమెదే ఉండాలని మాస్టారే అన్నాడు. మా అత్త కథలన్నీ పందొమ్మిదేళ్ళు విన్నది ఆమె ఒక్కతే, మాలో ఎవరం కూర్చుని వినలేదు అన్నాడు. పేరు పూర్తిగా ఎలా రాయాలో కనుక్కోమని నాతో చెప్పాడు. అరబ్బీలో పేరు పక్కన ఫలానావారి కూతురు అని తండ్రి పేరు రాస్తారు. పాస్‌పోర్టులో ఆమెకి భర్త పేరుంది. ఏది రాయమంటావు అని ఫోన్‌లో అడిగాను. రేపు చెప్తానంది.

మర్నాడు చేసింది. "మా యమ్మ పేరు పెట్టొచ్చునా అక్కా? నా బిడ్డను సాకింది ఆమె. ఆమె పేరు యాడా సరిగ్గా రాయలా ఎవురూ. రేషన్ కార్డులో గూడ తప్పే."

అలా రాసే పద్ధతి వాళ్ళలో లేదు. మాస్టారితో చెప్పడానికి మొహమాటపడ్డాను. ఆయన విని, ఆ పేరు నా చేత రెండుసార్లు పలికించుకుని, స్పెల్లింగు సరిచూసుకుని, రాసుకున్నాడు.

పుస్తకం వచ్చిన రోజు ఆమెకి ఒక ప్రతి ఇచ్చాను. పెరటి మెట్ల మీద కూర్చున్నాం. చివరి పేజీ తీసి, పేరు మీద వేలు పెట్టి, అరబ్బీలో ఉన్నది కూడబలుక్కుని చదివి వినిపించాను. ఫలానా, ఫలానామె కూతురు. ఆమె ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టి చూసుకుంది. తర్వాత ఫోన్ తీసి, ఊళ్ళో కూతురికి కలిపి, స్పీకరులో పెట్టి పుస్తకం పక్కన ఉంచింది.

"ఇంగొక తూరి చదువక్కా," అంది. "మా యమ్మ పేరు కాడ నిదానంగా చదువు."

నిదానంగా చదివాను.